సూర్యఘర్ ఒప్పందంలో మార్పు కావాలా? ముందు ఏ కాగితం దిద్దాలో చూసుకోండి

రథసప్తమికి అరసవల్లి వెళ్లి, తిరుగు బస్సులో నరసన్నపేటలో దిగి, తిన్నగా నా జిరాక్స్ షాపుకొచ్చింది మా వీధి పెద్దమ్మ. ప్రసాదం చేతిలో పెట్టి, సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. "బాబూ, సూర్యుడికి దండం పెట్టుకునే వచ్చాను. ఇప్పుడు నీకు పెడతాను. ఈ సోలారు కాయితాల్లో ఏటి తప్పుందో చూడు. ప్యానెళ్లు పెట్టి మూడు నెలలైంది, రాయితీ పైసా పడలేదు."

చూస్తే తప్పు ఒకటి కాదు, నాలుగున్నాయి. కరెంటు సర్వీసు ఎప్పుడో పోయిన పెదనాన్న పేరు మీదే ఉంది. బ్యాంకు ఖాతా పెద్దమ్మది. ఒప్పందంలో 3 కిలోవాట్లు అని రాసి, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మాత్రం 2 కిలోవాట్లది బిగించారు. ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం రాయితీ ఇచ్చే సూర్యఘర్ పథకం వెబ్‌సైట్‌లో, అంటే పోర్టల్‌లో, మొబైల్ నంబరు దగ్గర ప్యానెళ్లు అమ్మిన ఏజెంటు తన నంబరే పెట్టుకున్నాడు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద తప్పు కాదు. కానీ ఏది ముందు దిద్దాలో తెలియక వాళ్లబ్బాయి అన్నిటికంటే చివర దిద్దాల్సిన బ్యాంకు ఖాతా దగ్గర మొదలుపెట్టాడు. అక్కడే చిక్కు పడిపోయింది.

నా షాపుకి ఈ పని మీద వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. అందుకే వరసగా రాస్తున్నాను. మీరు సూర్యఘర్‌కి ఇప్పటికే దరఖాస్తు పెట్టి, పేరో, కిలోవాట్లో, వెండరో (ప్యానెళ్లు అమ్మి బిగించేవాళ్లు), ఖాతానో మార్చుకోవాలనుకుంటే ఇది మీకు పనికొస్తుంది. ఇంకా పెట్టకపోతే మరీ మంచిది, రెండో అడుగు దగ్గర మొదలుపెట్టండి.

పథకం గురించి నాలుగు ముక్కలు. ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టించడం లక్ష్యం, కేటాయించింది 75,021 కోట్ల రూపాయలు, గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం చివరిదాకా. సొంత ఇల్లు, సొంత పైకప్పు, కరెంటు కనెక్షన్ ఉండాలి. ఇంతకుముందు సోలార్ ప్యానెళ్లకి రాయితీ తీసుకుని ఉండకూడదు. 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78 వేలు కేంద్రం ఇస్తుంది. ఆ డబ్బు ముందుగా రాదు. ప్యానెళ్లు పెట్టి, నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటునీ, లైన్‌కి ఇచ్చిన కరెంటునీ లెక్కగట్టే మీటరు) బిగించి, కరెంటు శాఖ వాళ్లు వచ్చి చూసి, కమిషనింగ్ (వాడకంలోకి వచ్చిందని నమోదు) అయ్యాకే మీ ఖాతాలో పడుతుంది. అంటే కాగితాల్లో తప్పుంటే, మీ చేతి డబ్బంతా ఖర్చయ్యాకే ఆ తప్పు బయటపడుతుంది.

ఇక అసలు విషయం. మనం 'ఒప్పందం' అని ఒక్క మాటలో అనేది నిజానికి నాలుగు చోట్ల ఉంటుంది. మన ప్రాంతానికి కరెంటిచ్చే సంస్థ ఈపీడీసీఎల్ రికార్డులో మీ సర్వీసు. సూర్యఘర్ పోర్టల్‌లో మీ దరఖాస్తు. వెండర్‌తో మీరు సంతకం పెట్టిన కాగితం. చివరగా మీ బ్యాంకు ఖాతా. పోర్టల్ మీ వివరాలు సర్వీసు రికార్డు నుంచి తీసుకుంటుంది, వెండర్ కాగితం పోర్టల్ దరఖాస్తుకి సరిపోవాలి, ఖాతా పేరు దరఖాస్తుదారుడి పేరుతో కలవాలి. కాబట్టి మార్పు కూడా అదే వరసలో జరగాలి. కింద గోడ వంకరగా ఉంటే పైన స్లాబు ఎన్నిసార్లు చెక్కినా ప్రయోజనం లేదు.

మొదటి అడుగు: మీరు ఏ దశలో ఉన్నారో చూసుకోండి

పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవ్వండి. దరఖాస్తు, సాధ్యత ఆమోదం (మీ ఇంటికి సోలార్ పెట్టొచ్చని కరెంటు శాఖ ఒప్పుకోవడం), వెండర్ ఎంపిక, ప్యానెళ్లు బిగించడం, నెట్ మీటర్, తనిఖీ, కమిషనింగ్, రాయితీ అభ్యర్థన అని మెట్లు కనిపిస్తాయి. మీరు ఏ మెట్టు మీదున్నారో ఆ స్క్రీన్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. దరఖాస్తు నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఇకపై ఎవరికి ఏం రాసినా ఈ నంబరు వేయాలి.

మేడ మీద ఇనుము ఎక్కకముందు ఏ మార్పయినా తేలిక. ఎక్కాక ప్రతి మార్పూ ముగ్గురిని ఒప్పించే పని. ఈ ఒక్కటి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

లాగిన్ అవ్వబోతే ఓటీపీ వేరే ఎవరి ఫోన్‌కో వెళ్తోందా? అయితే పెద్దమ్మ కేసే మీది కూడా. ఏజెంట్లు "మీకెందుకమ్మా శ్రమ, నేను చేసేస్తాను" అని తమ నంబరు పెట్టేస్తుంటారు. అందరూ మోసానికే చేస్తారని అనను, చాలామందికి అది పని త్వరగా అయ్యే దారి. కానీ తాళం వాళ్ల దగ్గర ఉన్నంతకాలం మీ దరఖాస్తులో ఏం మారిందో మీకు తెలియదు. ఆ ఏజెంటును పక్కన కూర్చోబెట్టుకుని, ఓటీపీ చెప్పించుకుని, మీ నంబరుకు మార్పించుకోండి. అతను ఫోన్ ఎత్తకపోతే పథకం హెల్ప్‌లైన్ 15555కి చేసి, దరఖాస్తు నంబరు, సర్వీసు నంబరు చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడని అతని నంబరు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు గానీ, తనిఖీకి వచ్చినప్పుడు ఓటీపీ అడిగితే అతను డ్యూటీలో ఉంటాడు, ఇక్కడ మీరు మేడ మెట్ల మీద నిలబడి ఉంటారు.

సర్వీసు నంబరే తప్పు పడితే మాత్రం దిద్దుదామని పట్టుబట్టకండి. పాత దరఖాస్తు రద్దు చేయించుకుని, కొత్తది పెట్టుకోవడమే మేలు.

రెండో అడుగు: సర్వీసు ఎవరి పేరు మీదుంది?

మన శ్రీకాకుళం జిల్లాలో అసలు చిక్కంతా ఇక్కడే. తాతల నాటి ఇళ్లు, తండ్రి పేరున మీటరు, పిల్లలు విశాఖలోనో చెన్నైలోనో హైదరాబాద్‌లోనో. ఇరవై ఏళ్లుగా బిల్లు కట్టేది ఒకరు, బిల్లు మీద పేరు మరొకరిది. కరెంటు వస్తున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. రాయితీ దగ్గరకొచ్చేసరికి ఆ పేరే అడ్డం పడుతుంది, ఎందుకంటే చనిపోయిన మనిషి పేరున ఉన్న దరఖాస్తుకి బతికున్న మనిషి ఖాతా కలవదు.

పేరు మార్పు దరఖాస్తును గ్రామ సచివాలయంలోగానీ, మీసేవలోగానీ, ఈపీడీసీఎల్ వెబ్‌సైట్‌లోగానీ, మీ సెక్షన్ కరెంటాఫీసులోగానీ ఇవ్వొచ్చు. కరెంటాఫీసులో దీన్ని టైటిల్ ట్రాన్స్‌ఫర్ అంటారు, ఆ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. ఇల్లు కొన్నదయితే రిజిస్ట్రేషన్ దస్తావేజు నకలు. వారసత్వంగా వచ్చిందయితే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రం. వీటితోపాటు ఆధార్, ఇంటి పన్ను రసీదు, తాజా కరెంటు బిల్లు. బాకీ ఉంటే ముందు కట్టేయండి, బాకీ ఉన్న సర్వీసు కాగితం కదలదు.

వీటిలో ఆలస్యమయ్యేది అంగీకార పత్రమే. అన్నదమ్ములు, ఆడపడుచులు తలో ఊళ్లో ఉంటారు. పైగా "సంతకం పెడితే ఇల్లు రాసిచ్చేసినట్టేనేమో" అని లోపల ఒక భయం. పేరు మార్పు కరెంటు మీటరుకే, ఇంటి హక్కుకి కాదని నెమ్మదిగా చెప్పండి. పత్రంలోనే 'ఈ అంగీకారం విద్యుత్ సర్వీసు పేరు మార్పుకు మాత్రమే' అని ఒక వాక్యం రాయించండి. ఆ వాక్యం ఎన్ని ఇళ్లల్లో గొడవ ఆపిందో నేను చూశాను. సంక్రాంతికి అందరూ ఊరొస్తారు కదా, కనుమ రోజు భోజనాలయ్యాక కాగితం బయటికి తీయండి. భోగి రోజు తీయకండి, పండగ పాడవుతుంది.

పేరు పూర్తిగా వేరు కాకుండా స్పెల్లింగ్ మాత్రమే తేడా ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ. బిల్లు మీద ఇంటిపేరుకి ఒక్క ఇనీషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివర. ఇంగ్లీషులో 'నాయుడు' అనే మాటనే మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉంటారు. ఆధార్‌ను ఆధారంగా పెట్టుకుని బిల్లు, పాస్‌బుక్ రెండూ దానికి సరిపోయేలా దిద్దించుకోండి. బిల్లు చూసి ఆధార్ మార్చబోకండి, ఆధార్ కదిలితే రేషన్ కార్డు నుంచి పింఛను దాకా అన్నీ కదులుతాయి.

మార్పు అయిందని ఎవరైనా నోటితో చెబితే నమ్మి కూర్చోకండి. తర్వాతి నెల బిల్లు మీద కొత్త పేరు కళ్లారా చూశాకే మూడో అడుగు వేయండి.

మూడో అడుగు: కిలోవాట్లు పెంచాలా, తగ్గించాలా

ఒప్పందంలో ఎక్కువమంది మార్చుకోవాలనుకునేది ఇదే. ఏజెంటు మొదట 3 కిలోవాట్లు అంటాడు, రాయితీ 78 వేలు వస్తుందని. నిజమే, వస్తుంది. కానీ మీ ఇంటికి కావాలా?

ఏడాది బిల్లులు ముందేసుకుని నెలకి సగటున ఎన్ని యూనిట్లో లెక్కగట్టండి. 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సుమారు 4 యూనిట్లు, నెలకి 120 దాకా ఇస్తాయి. వాటికి మేడ మీద నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలోలాగా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఉంటే ఆ జాగా ఎంత మిగులుతుందో మధ్యాహ్నం మూడింటికి మేడెక్కి చూసుకోండి. పొద్దున చూస్తే మోసపోతారు.

మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు ధర మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లకి రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. నెలకి 240 యూనిట్లు వాడే ఇల్లనుకుందాం. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ట్రూఅప్‌లు (పాత ఖర్చుల సర్దుబాటు వసూళ్లు) పక్కనపెడితే యూనిట్ల ఖర్చు రూ.1,148. 1 కిలోవాట్ పెట్టి 120 యూనిట్లు తగ్గిస్తే మిగిలిన 120కి పడేది సుమారు రూ.395. అంటే మొదటి కిలోవాట్ నెలకి రూ.750 పైన మిగిల్చింది, పై మెట్లలోని ఖరీదైన యూనిట్లు ముందు పోతాయి కాబట్టి. రెండో కిలోవాట్ మిగిల్చేది ఆ రూ.395 మాత్రమే. మూడోది ఆ ఇంటికి దండగ. పెద్దమ్మది సరిగ్గా ఇలాంటి ఇల్లే, ఉండేది ఇద్దరు. 3 కిలోవాట్లు రాయించింది రాయితీ అంకె చూసి.

ఇంట్లో కొత్తగా ఏసీ పెట్టబోతున్నారా, కరెంటు స్కూటర్ కొంటున్నారా, పిల్లలు తిరిగొచ్చి ఇక్కడే ఉంటారా? అప్పుడు పెంచుకోవడంలో అర్థముంది. 3 కిలోవాట్లు దాటాక మాత్రం రాయితీ పైసా పెరగదు, పైన పెట్టేదంతా మీ జేబులోంచే.

నిర్ణయం అయ్యాక మార్పు ఇలా. ప్యానెళ్లు బిగించకముందే పోర్టల్ దరఖాస్తులో సామర్థ్యం, వెండర్ కాగితంలో సామర్థ్యం, రెండూ ఒకే అంకెకి రావాలి. కరెంటాఫీసు మీ ఇంటికి మంజూరు చేసిన లోడ్ తక్కువగా ఉందని ఎవరైనా భయపెడితే కంగారుపడకండి. వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో వచ్చిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల దాకా రూఫ్‌టాప్ సోలార్‌కు విడిగా సాంకేతిక అధ్యయనం అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క, దానికి తగ్గట్టు లోడ్ పెంచడం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ, మనకి ఈపీడీసీఎల్) పని. 5 కిలోవాట్ల దాకా లైన్లు బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు కూడా డిస్కందే.

ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. రాయితీ లెక్కగట్టేటప్పుడు ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండింట్లో ఏది తక్కువో దాన్నే తీసుకుంటారు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే 3.24 కిలోవాట్లు. దానికి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఉంటే 78 వేలు. అదే ఆరు ప్యానెళ్లకి 2 కిలోవాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే మీకు దక్కేది 60 వేలే. పెద్దమ్మ మేడ మీద జరిగింది ఇదే. 'స్టాకు లేదు, ఇప్పటికి ఇది పెడతాం, తర్వాత మారుస్తాం' అన్నారట. కాగితం మీద ఆ మాట ఎక్కడా లేదు.

అప్పు తీసుకున్నవాళ్లు బ్యాంకుకి చెప్పకుండా కిలోవాట్లు మార్చకండి. 3 కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా 2 లక్షల వరకు అప్పిస్తారు, మీ వాటా 10 శాతం. ఆ అప్పు మంజూరయింది పాత కొటేషన్ మీద. కొత్త కొటేషన్ ఇచ్చి మంజూరు పత్రం మార్పించుకున్నాకే పని మొదలుపెట్టించండి.

నాలుగో అడుగు: వెండర్ కాగితాన్ని మార్చడం

పోర్టల్‌లో నమూనా ఒప్పందం ఉంటుంది. ఇది మీకూ వెండర్‌కీ మధ్యది. ఇందులో కరెంటు శాఖ పక్షం కాదు, కాబట్టి ధర దగ్గర గొడవ వస్తే కరెంటాఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు వచ్చి తీర్చరు. అందుకే కాగితం మీరే జాగ్రత్తగా చూసుకోవాలి.

పాత ఒప్పందం మీద పెన్నుతో కొట్టేసి పక్కన కొత్త అంకె రాయడం మనవాళ్లకి అలవాటు. అది వద్దు. ఎవరు ఎప్పుడు కొట్టేశారో తర్వాత ఎవరూ చెప్పలేరు. విడిగా ఒక అనుబంధ ఒప్పందం రాసుకోండి. నేను షాపులో టైపు చేసిచ్చేది దాదాపు ఇలా ఉంటుంది:

"... తేదీన మా ఇద్దరి మధ్య కుదిరిన రూఫ్‌టాప్ సోలార్ ఒప్పందానికి ఇది అనుబంధం. దరఖాస్తు నంబరు ..., విద్యుత్ సర్వీసు నంబరు .... పాత ఒప్పందంలో 3 కిలోవాట్లు అని ఉన్నచోట ఇకపై 2 కిలోవాట్లు అని చదువుకోవాలి. ప్యానెళ్లు 4, ఒక్కోటి ... వాట్లు, తయారీ కంపెనీ .... ఇన్వర్టర్ ... కిలోవాట్లు, తయారీ కంపెనీ .... జీఎస్టీతో కలిపి మొత్తం ధర రూ. ... బదులు రూ. .... ఇప్పటివరకు ముట్టిన అడ్వాన్సు రూ. ..., మిగిలిన బాకీ రూ. .... పని పూర్తి చేయాల్సిన తేదీ .... ఈ మార్పులు తప్ప పాత ఒప్పందంలోని మిగతా షరతులన్నీ అలాగే అమల్లో ఉంటాయి."

రెండు ప్రతులు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు, వెండర్ సీలు, ఇద్దరు సాక్షులు. ఒకటి మీ దగ్గర. ఫొటో తీసి వెండర్ వాట్సాప్‌కి పంపి 'ఈ రోజు సంతకం చేసిన ప్రతి' అని రాయండి. బాకీ డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పేలోనో, చెక్కుతోనో, బ్యాంకులోనో కట్టండి.

అనుబంధంలో ఇంకేం అడగొచ్చు? ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో మనదేశంలోనే తయారైనవి అయి ఉండాలి, లేకపోతే రాయితీ రాదు. దీన్ని డీసీఆర్ అంటారు. బిల్లు మీద ఆ మాట, ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఉండేలా రాయించండి. అయిదేళ్లు వెండరే నిర్వహణ చూడాలని పథకంలో ఉంది, 'ఉచిత సర్వీసు' అని ఊరికే రాయకుండా ఫిర్యాదు చేసిన ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడో రాయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. అంతకుముందు కుదుర్చుకున్న ధరనే ఇంకా చూపిస్తుంటే అడగడానికి మొహమాటపడకండి.

ఇక స్ట్రక్చర్, అంటే ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప చట్రం. మన ఊళ్లల్లో మేడంటే వడియాలు, మిరపకాయలు, ధాన్యం, సముద్రం పక్క ఊళ్లల్లో చేపలు ఆరబెట్టుకునే చోటు. ప్యానెళ్లు మోకాలెత్తున బిగించేస్తే ఆ చోటు పోతుంది. అందుకని సగం పనయ్యాక ఇంట్లో ఆడవాళ్లు "ఎత్తు పెంచమను" అంటారు. వాళ్లన్నదే సబబు. అయితే ఎత్తు పెంచితే ఇనుము ఖర్చు పెరుగుతుంది, దానికి రాయితీ పెరగదు, గాలి తాకిడి మాత్రం పెరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 150 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు ఎలా వాలిపోయాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి ఎత్తు పెంచమని అడిగితే అనుబంధంలో మూడు సంగతులు రాయించండి: కాళ్లు ఎంత ఎత్తు, ఇనుము మందం ఎంత, ఎంత గాలివేగాన్ని తట్టుకునేలా బిగిస్తున్నారు. తీరానికి దగ్గరైతే ఇనుము గాల్వనైజ్డ్ అయి ఉండాలి, పెయింటు వేసిన ఇనుము ఉప్పుగాలికి నిలవదు.

తుఫాను మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. లైన్‌లో కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మ్యాన్ ప్రాణం కోసం అలా పెట్టారు. "సోలారు ఉండీ చీకట్లోనే ఉన్నాం" అని తర్వాత బాధపడేకన్నా, బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ కావాలంటే ఇప్పుడే రాయించుకోండి. బ్యాటరీకి రాయితీ ఉండదు.

వెండర్‌నే మార్చాలంటే? పని మొదలవకముందు అయితే ముందు పాత వెండర్‌కి 'ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను, అడ్వాన్సు ఫలానా తేదీలోగా తిరిగివ్వండి' అని రాతపూర్వకంగా పంపి, అతని నుంచి రద్దు కాగితం తీసుకోండి. ఆ తర్వాతే పోర్టల్‌లో ఉన్న వెండర్ల జాబితాలోంచి కొత్తవాళ్లను ఎంచుకోవాలి. జాబితాలో లేని చుట్టంతో తక్కువకి చేయించుకుంటే రాయితీ ఉండదు. ప్యానెళ్లు మేడెక్కాక వెండర్‌ను మార్చాలని రావొద్దని నా దగ్గరకొచ్చేవాళ్లకి చెప్పేస్తాను. అప్పుడిక అతనితోనే పని పూర్తి చేయించుకుని, తేడాలుంటే తర్వాత కొట్లాడుకోవడమే.

అయిదో అడుగు: బ్యాంకు ఖాతా

ఇది చివర. ఖాతా దరఖాస్తుదారుడి పేరునే ఉండాలి. రాయితీ అభ్యర్థన పెట్టేటప్పుడు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, క్యాన్సిల్ చేసిన చెక్కు ఫొటో ఇస్తారు. ఇక్కడ మనవాళ్లు తప్పు చేసేది పాత పాస్‌బుక్ చూసి కోడ్ రాయడం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన వైపు పల్లెల్లో అందరికీ ఖాతా ఉండే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోకి వచ్చేశాయి. కాబట్టి బ్యాంకుకెళ్లి కొత్త పాస్‌బుక్ అచ్చు వేయించుకుని, అందులో ఉన్న కోడే రాయండి. ఏళ్ల తరబడి వాడని ఖాతా అయితే కేవైసీ చేయించి, వంద రూపాయలు వేసి తీసి, అది బతికుందో లేదో చూసుకోండి. అప్పు తీసుకుంటే ఏ ఖాతా ఇవ్వాలో ఆ బ్యాంకునే అడగండి.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాల సంగతి వేరు. రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకి 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టించే కార్యక్రమాన్ని డిస్కంల ద్వారా నడుపుతోంది. అందులో వెండర్‌ను మీరు ఎంచుకోరు, పైన చెప్పిన నాలుగో అడుగు మీకు వర్తించదు. రెండో అడుగు మాత్రం తప్పదు. సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్ దగ్గరికి బిల్లు, ఆధార్, కుల ధ్రువపత్రం తీసుకెళ్లండి. బీసీ కుటుంబాలకి కేంద్ర రాయితీ మీద కిలోవాట్‌కి 10 వేల చొప్పున 20 వేల దాకా రాష్ట్రం అదనంగా ఇస్తామంది, కిలోవాట్లు తగ్గించుకునేటప్పుడు ఆ లెక్క కూడా చూసుకోండి.

అన్నీ సరిచేసినా కదలకపోతే

ఎవరి వల్ల ఆగిందో దాన్నిబట్టి తలుపు తట్టండి. నెట్ మీటరు, తనిఖీ, పేరు మార్పు ఆగితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి, తర్వాత సెక్షన్ ఆఫీసులో ఏఈని కలవండి. అక్కడా తేలకపోతే విశాఖలో ఈపీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. పోర్టల్, రాయితీ గురించి అయితే 15555. వెండర్ మాట తప్పితే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్. వెండర్ విశాఖలోనో విజయవాడలోనో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

డబ్బు పడ్డాక కూడా ఒకసారి లెక్క చూడండి. తక్కువ పడితే ముందు కమిషనింగ్ పత్రంలో ఇన్వర్టర్ ఎంత రాశారో చదవండి, జవాబు సాధారణంగా అక్కడే ఉంటుంది.

పెద్దమ్మ సర్వీసు పేరు మారడానికి అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది, చెన్నైలో ఉన్న పెద్దకొడుకు సంతకం దగ్గర ఆగి. మొబైల్ నంబరు, ఖాతా ఆ తర్వాత వారంలో అయిపోయాయి. ఆషాఢంలో 60 వేలు పడ్డాయి. మూడో కిలోవాట్ పేరు చెప్పి ఎక్కువ తీసుకున్న డబ్బు తిరిగివ్వమని వెండర్‌కి రెండు ఉత్తరాలు రాయించాను. మూడోది కమిషన్‌కే రాద్దామంటోంది. దానికి కావాల్సిన కాగితాలన్నీ ఇప్పుడు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డబ్బా మీద దాచుకుంది.